చావాలనిపించే రాత్రి ప్రార్థన ఎలా చేయాలి, తోడున్నవాళ్లు ఏం చేయాలి

ఇది చదువుతున్న మీకే ఈ పూట బతకాలని లేకపోతే, మిగతాది తర్వాత చదువుదురుగాని. ముందు 14416 కి ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు అది. డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రింబగళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఇప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే 108 కి చేయండి, దాచిపెట్టకండి. ఫోన్ చేశాక గదిలో ఒక్కరే ఉండకండి. లేచి వెళ్లి ఇంట్లో ఎవరుంటే వాళ్ల పక్కన కూర్చోండి. ఎవరూ లేకపోతే పక్కింటి తలుపు కొట్టండి. ఇంత రాత్రప్పుడు ఏమనుకుంటారో అన్న మొహమాటం ఈ ఒక్క విషయంలో అక్కర్లేదు.

నేను పల్నాడులో ఒక మిషన్ హాస్పిటల్లో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా సంఘంలో స్త్రీల సమాజం పని చూస్తున్నాను. క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీలు చేసిన కాలంలో, మిర్చి ధర పడిపోయిన సంగతీ ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన సంగతీ మంచాల మీదకి వచ్చే మనుషుల్ని చూసే మాకు తెలిసేది. 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. వాళ్లలో ఆదివారం మన మందిరంలో కూర్చుని పాటలు పాడి వెళ్లినవాళ్లు లేరని ఏ పాస్టర్ గారూ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేరు.

అందుకే ఇది రాస్తున్నాను. ప్రార్థన ఉంటే చాలు, డాక్టర్ ఎందుకు అనేవాళ్లతో నేను ఏకీభవించను. ప్రార్థన వల్ల ఏమవుతుంది అనేవాళ్లతోనూ ఏకీభవించను. చావాలన్న ఆరాటం రోజంతా ఒకే తీరుగా ఉండదు. కాన్పు నొప్పుల్లాగే తెరలు తెరలుగా వస్తుంది, ఒక్కో తెర ప్రాణం పోయేంతగా బిగిస్తుంది, మళ్లీ వదులుతుంది. ఆ తెర దాటేదాకా మనిషిని పట్టుకుని ఉండాలి. ప్రార్థన చేసే మొదటి పని అది. అది దాటాక చేయాల్సినవి వేరే ఉన్నాయి, వాటికి చేతులూ కాళ్లూ బస్సు చార్జీలూ కావాలి.

ప్రార్థన రానివాళ్ల ప్రార్థన

ముందు కష్టంలో ఉన్నవాళ్లకి చెబుతాను.

మోకాళ్లూని గంటసేపు ప్రార్థించాలని ప్రయత్నించకండి. ఇప్పుడు మీవల్ల కాదు, కాకపోయినా తప్పు లేదు. గోడకి వీపు ఆనించి నేల మీద కూర్చోండి. గ్లాసు నీళ్లు తాగండి. తర్వాత మనసులో ఉన్న మాట ఉన్నట్టుగా, నోటితో, వినపడేలా చెప్పండి. "ప్రభువా, నాకు బతకాలని లేదు." అంతే. ఇది దేవుడి ముందు అనకూడని మాట అని ఎవరైనా మీకు నేర్పి ఉంటే, వాళ్లు మొదటి రాజుల గ్రంథం పంతొమ్మిదో అధ్యాయం సరిగా చదవలేదు.

కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దింపిన ప్రవక్త ఏలీయా, ఆ వెంటనే అడవిలోకి ఒక రోజు ప్రయాణమంత దూరం పారిపోయి బదరీవృక్షం కింద కూలబడ్డాడు. "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అన్నాడు. అది ప్రార్థనే అని బైబిలే చెబుతోంది. దేవుడు ఏమన్నాడో చూడండి. నిన్నటి నీ విశ్వాసం ఏమైంది అనలేదు. ఆత్మహత్య పాపం అని ప్రసంగం చేయలేదు. ఏలీయా నిద్రపోయాడు. దూత వచ్చి ముట్టి లేపి, లేచి భోజనం చేయమన్నాడు. తలదగ్గర నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి. తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి, "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది" అని చెప్పి మళ్లీ తినమన్నాడు. తినడం, తాగడం, పడుకోవడం, మళ్లీ తినడం. దేవుడు మాట్లాడింది ఆ తర్వాత, హోరేబు కొండ దగ్గర.

కాబట్టి మీరు కూడా ఏదో ఒకటి తినండి. చల్లన్నంలో మజ్జిగ పోసుకుని నాలుగు ముద్దలైనా సరే. ఆకలితో, నిద్రలేక, ఒంటరిగా ఉన్న మనిషి తన జీవితం గురించి ఆ రాత్రి ఏ తీర్మానమూ చేయకూడదు.

తర్వాత, ఒక ఫిర్యాదు చేయండి. మన కూడికల్లో స్తోత్రాలు, కృతజ్ఞతలు నేర్పుతాం గానీ దేవుడి మీద ఫిర్యాదు ఎలా చేయాలో నేర్పం. కీర్తనల గ్రంథం నిండా అవే ఉన్నాయి. పదమూడో కీర్తన మొదలే "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని. ఎనభై ఎనిమిదో కీర్తన ఇంకా ముందుకెళ్తుంది. అందులో చివరికి కూడా ఓదార్పు రాదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. దాని కింద ఒక ఆశాజనకమైన వాక్యం కలిపి ముగిద్దామని ఎవరూ అనుకోలేదు, అలాగే పరిశుద్ధ గ్రంథంలో ఉంచారు. మీ ప్రార్థన కూడా "అయినా నేను సంతోషిస్తాను" అనే మాటతోనే ముగియాలన్న నియమం లేదు.

ఎలా చేయాలంటే, పేరు పెట్టి పిలవండి, జరిగింది వివరంగా చెప్పండి, ఈ ఒక్క రాత్రికి ఏం కావాలో అడగండి, ఆపేయండి. అప్పుల్లో ఉన్న ఒక కౌలు రైతు భార్యకి నేను పక్కన కూర్చుని చెప్పించినది ఇలా ఉంది.

"ప్రభువా, మాకు నాలుగు లక్షలు అప్పుంది. రేపు వాళ్లు ఇంటి ముందుకొచ్చి అరుస్తారు. వీధిలో తల ఎత్తుకోలేను. నిన్ను అడిగి అడిగి అలిసిపోయాను. నువ్వు వింటున్నావో లేదో ఇవాళ నాకు తెలియట్లేదు. తెల్లారేదాకా నన్ను పట్టుకో. ఆమెన్."

తెల్లారేదాకా మాత్రమే అడగమన్నాను. జీవితాంతం బతకడానికి బలం ఇవ్వమని అడగబోతే ఆ జీవితాంతం కళ్ల ముందుకొచ్చి భయపెడుతుంది. తెల్లారాక, సాయంత్రం దాకా అడగొచ్చు.

అసలు నోరే పెగలకపోతే కూడా దారి ఉంది. మనం ప్రార్థించలేనప్పుడు "ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో" ఆత్మే మన పక్షాన వేడుకుంటాడని పౌలు రోమా సంఘానికి రాశాడు. మీ ఏడుపే చాలు. దానికి మాటలు వెతకనక్కర్లేదు.

వాట్సాప్‌లో ఏం రాయాలి

ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది, కాదు. మనవాళ్లు ఎంత దుఃఖంలో ఉన్నా సంఘం గ్రూపులో "నా కోసం ప్రార్థించండి" అని మాత్రమే పెడతారు. దాని కింద నలభై మంది చేతులు జోడించిన బొమ్మ పెట్టి పడుకుంటారు. వాళ్లది కఠిన హృదయం కాదు. జ్వరమో, ఇంటర్వ్యూనో అనుకుంటారు. మీకు కావలసింది మనిషి. అందుకే గ్రూపులో కాకుండా, నమ్మకమైన ఇద్దరికి విడివిడిగా ఇలా రాయండి: "అక్కా, నాకు చచ్చిపోవాలనిపిస్తోంది. ఒంటరిగా ఉండలేను. ఇప్పుడు రాగలవా?" ఆ మొదటి వాక్యం రాయడం కష్టం. రాయండి. ఒకరు ఫోన్ చూడకపోయినా రెండోవాళ్లు చూస్తారు.

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు 988 కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ కూడా పంపొచ్చు. అక్కడ ఒక తెలుగు సంఘం ఉంటే ఆ పాస్టర్ గారి నంబరు బాగున్న రోజుల్లోనే ఫోన్లో పెట్టుకోండి. ఇంట్లో తెలిస్తే అమ్మ తట్టుకోలేదని చాలామంది చెప్పరు. అమ్మకి రేపు చెబుదురుగాని, ఈ రాత్రి రూమ్మేట్‌ని లేపండి.

"నాకు విశ్వాసం తక్కువ కాబట్టే ఇలా" అని కుమిలిపోయేవాళ్లతో

గెత్సేమనేలో యేసు ప్రభువే "మరణమగునంతగా నా ప్రాణము బహు దుఃఖములో మునిగియున్నది" అన్నాడు. అని ఊరుకోలేదు, "మీరు ఇక్కడ నిలిచి, నాతోకూడ మెలకువగా నుండుడి" అని ముగ్గురు స్నేహితుల్ని అడిగాడు. దేవుని కుమారుడికే ఆ రాత్రి తోడు కావలసి వచ్చింది. మీకు కావాలంటే సిగ్గెందుకు?

ఇంగ్లండులో పద్దెనిమిదో శతాబ్దంలో విలియం కూపర్ అనే కవి ఉండేవాడు. ఆయన కట్టిన కీర్తనలు ఇప్పటికీ లోకమంతా సంఘాల్లో పాడతారు. 1763లో ఆయన చావు అంచుదాకా వెళ్లి, సెయింట్ ఆల్బన్స్‌లో నెథానియేల్ కాటన్ అనే వైద్యుడి దగ్గర చేరాడు. ప్రభువులో ఆదరణ దొరికింది ఆ వైద్యశాలలోనే. పదేళ్ల తర్వాత మళ్లీ అదే చీకటి కమ్మింది. అప్పుడు ఆయన పాస్టరు జాన్ న్యూటన్ ఏం చేశాడంటే, తన ఇంటికి తెచ్చుకుని ఏడాదికి పైగా ఉంచుకున్నాడు. కూపర్‌కి ఆ చీకటి పూర్తిగా ఎన్నడూ వదల్లేదు. కానీ అరవై ఎనిమిదేళ్లు బతికాడు, రాస్తూ, స్నేహితుల మధ్య. విశ్వాసం ఉన్నవాళ్లకి డిప్రెషన్ రాదని చెప్పేవాళ్లకి నేను ఈ ఇద్దరి గురించి చెబుతుంటాను. ముఖ్యంగా న్యూటన్ ఇల్లు గురించి.

ఇంకొకటి. "నేను అందరికీ భారం" అన్న ఆలోచన ఈ జబ్బులో దాదాపు అందరికీ వస్తుంది. ఆ మాట ఎంత నిజంలా వినిపిస్తుందంటే, ప్రేమ ఉన్నవాళ్లే ఎక్కువ నమ్ముతారు. నమ్మకండి. "ఒకని భారముల నొకడు భరించి" అని గలతీయులకు రాసిన మాటలో, భారంగా ఉండటం నేరమని లేదు. మీరు పోతే ఇంటివాళ్లకి భారం తగ్గడం నేను ఏ ఇంట్లోనూ చూడలేదు. చూసినంతవరకు, పోయినవాళ్ల అమ్మలు ఆ తర్వాత మామూలు మనుషులు కాలేదు.

పక్కనున్నవాళ్లకి: ముందు అడగండి

సూటిగా అడగండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనవాళ్ల భయం. అలా జరగదు. అడిగితే చాలామందికి ఊపిరి అందినట్టవుతుంది. ఇన్నాళ్లూ ఒక్కరే మోసిన మాట ఇంకొకరి నోట విన్నారు కదా.

మన క్రైస్తవ ఇళ్లలో ఈ మాట దాక్కునే చోటు ఒకటుంది. "ప్రభువు దగ్గరికి వెళ్లిపోవాలనుంది", "ఈ లోకం మీద ఆశ లేదక్కా" అంటారు. డెబ్బై ఏళ్ల పెద్దావిడ అంటే అది వేరు. మూడు నెలల బాలింత అంటే, పరీక్ష తప్పిన పిల్ల అంటే, వ్యాపారం మునిగిన తమ్ముడు అంటే, కూడికలో అందరూ "ఆమెన్" అనేసి తర్వాతి పాట ఎత్తుకోకూడదు. కూడిక అయ్యాక పక్కకి పిలిచి, "అమ్మా, నువ్వన్న మాటకి అర్థం చచ్చిపోవాలనేనా?" అని అడగాలి. ఒక బాలింత ఇలా అడిగినప్పుడే మొదటిసారి ఏడ్చింది. అప్పటిదాకా ఆమె ఆత్మీయతని అందరూ మెచ్చుకుంటున్నారు.

అవును అంటే ఉలిక్కిపడకండి. అరవకండి. "నరకానికి పోతావు" అని మాత్రం అనకండి. నరకం పేరు చెప్పి ఆపాననుకునేవాళ్లున్నారు. వాళ్లు ఆపింది ఆ మనిషి నోరు. ఇంకెప్పుడూ వాళ్లకి చెప్పరు, అంతే.

ఫిలిప్పీ పట్టణంలో దెబ్బలు తిని, సీలతో పాటు చెరసాలలో ఉన్న పౌలు ఏం చేశాడో చూడండి. అర్ధరాత్రి భూకంపం. చెరసాల తలుపులు తెరుచుకున్నాయి. ఖైదీలు పారిపోయారనుకుని చెరసాల నాయకుడు కత్తి దూశాడు. పౌలు చీకట్లో నుంచి బిగ్గరగా చెప్పిన మాట: "నీవు ఏ హానియు చేసికొనవద్దు, మేమందరము ఇక్కడనే యున్నాము." మన ఇళ్ల గోడల మీద "ప్రభువైన యేసునందు విశ్వాసముంచుము" అనే మాట ఫ్రేము కట్టి ఉంటుంది. అది ఆ తర్వాత మూడు వచనాలకు వస్తుంది, అదీ ఆ మనిషి అడిగాక. ముందు ప్రాణం నిలబడింది. తర్వాత దీపం తెప్పించారు. తర్వాత ప్రశ్న, తర్వాత వాక్యం. అదే రాత్రి, చావబోయిన ఆ మనిషే పౌలు, సీలల గాయాలు కడిగి, ఇంటికి తీసుకెళ్లి భోజనం పెట్టాడు. ఈ వరస మార్చకండి. మీ మొదటి మాట, "నేను ఇక్కడే ఉన్నాను, వెళ్లను" అని ఉండాలి.

మాటలు దొరక్కపోతే మాట్లాడకండి. యోబు స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన మౌనంగా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే యోబుకి రెండో బాధ మొదలైంది.

ఇల్లు సర్దడం

ఇది ప్రార్థన కంటే ముందు చేయాల్సిన పని. ఏం చేసుకోవాలనుకుంటున్నారో మెల్లగా అడిగి, అది ఇంట్లో లేకుండా చేయండి. రైతుల ఇళ్లలో పురుగుమందు డబ్బాలు మంచం కిందో, పశువుల కొట్టంలోనో ఉంటాయి. అవన్నీ ఆ రోజే తీసి, తాళం ఉన్న వేరే వాళ్ల ఇంట్లో పెట్టించండి. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒకరి చేతిలో ఉంచి, ఏ పూటవి ఆ పూట ఇవ్వండి. ఇలా చేస్తే మనిషిని అవమానించినట్టు కాదు. "ఈ రెండు వారాలు ఇవి నా దగ్గర ఉంచుతాను నాన్నా" అని చెప్పి చేయండి.

చావాలనుకున్నవాళ్లు ఏదోలా చస్తారు, దీనివల్ల ఏం లాభం అంటారు. అది నిజం కాదు. శ్రీలంకలో 1990ల నుంచి మరీ ప్రమాదకరమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించారు. ఆ తర్వాతి సంవత్సరాల్లో ఆ దేశంలో ఆత్మహత్యలు బాగా తగ్గాయి. చేతికి అందకపోతే ఆ తెర దాటుతుంది, మనిషి మిగులుతాడు. ఒకసారి ప్రయత్నించి బతికినవాళ్లలో ఎక్కువమంది ఆ తర్వాత అలా చనిపోరు. మా వార్డులో బతికి ఇంటికెళ్లి, పెళ్లిళ్లు చేసుకుని, పిల్లల్ని ఎత్తుకుని మమ్మల్ని చూడటానికి వచ్చినవాళ్లని నేను చూశాను.

వాళ్లతో కలిసి ప్రార్థన

"ప్రార్థన చేయమంటావా?" అని అడగండి. వద్దంటే మానేయండి, కూర్చోవడం మాత్రం మానొద్దు. సరే అంటే, ఆ మనిషి కూర్చున్న ఎత్తులోనే మీరూ కూర్చోండి. తల మీద చెయ్యి పెట్టేముందు కూడా అడగండి. కొందరికి, ముఖ్యంగా దెబ్బలు తిన్న ఆడపిల్లలకి, అది భయం. గొంతు పెంచకండి. రెండు నిమిషాలు దాటనివ్వకండి. వాళ్లు మీతో చెప్పిన మాటల్నే దేవుడికి చెప్పండి, మీ సొంత ప్రసంగం కలపకండి.

"ప్రభువా, మీ బిడ్డ మూడు రోజుల నుంచి నిద్రపోలేదు. తాను పనికిరాననుకుంటోంది. చాలా నొప్పిగా ఉంది. విరిగిన హృదయం గలవారికి మీరు దగ్గరగా ఉంటారని చెప్పారు, దగ్గరకి రండి. ఈ రాత్రి నిద్ర ఇవ్వండి. రేపు డాక్టర్ దగ్గరికి మేమిద్దరం వెళ్తాం, మాతో రండి. ఆమెన్."

ఇంతే. డాక్టర్ మాట ప్రార్థనలోనే ఉండాలి. అప్పుడు అది అవిశ్వాసం అనిపించదు.

చేయకూడనివి కూడా చెప్పాలి. ఆత్మహత్య దయ్యం పట్టిందని నలుగురు చుట్టూ చేరి కేకలు వేయొద్దు. ఆదివారం నిలబెట్టి సాక్ష్యం చెప్పించొద్దు. ఆ మనిషి పేరు ప్రార్థన విన్నపాల పుస్తకంలో కారణంతో సహా రాయొద్దు. ఉపవాసం పెట్టించొద్దు. వీళ్లకి ఆకలి లేక ముందే తినడం మానేసి ఉంటారు. మానసిక జబ్బుకి ఇచ్చే లిథియం మాత్ర వాడుతున్న మనిషి నీళ్లు మానేసి ఉపవాసం ఉంటే, ఒంట్లో ఆ మందు విషమయ్యే స్థాయికి పెరగొచ్చు. ఆల్ నైట్ ప్రేయర్‌కి అసలు తీసుకెళ్లొద్దు. నిద్ర వాళ్ల మందు. రాత్రంతా మేలుకుని ఉపవాసం చేయడం మీ వంతు, కావాలంటే మీరు చేయండి.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో పిల్లల హాల్ టికెట్లూ పెన్నులూ తెప్పించి ప్రత్యేక ప్రార్థన చేసే సంఘాలు చాలా ఉన్నాయి. రిజల్ట్స్ వచ్చే రోజుకి ఏ ప్రార్థనా ఉండదు. నన్నడిగితే ఆ రోజే మందిరం తలుపు తెరిచి ఉంచాలి. మార్కులు వచ్చినవాళ్ల స్తోత్రాలకి వేరే రోజు పెట్టుకోవచ్చు. తప్పిన పిల్లల ఇళ్లకి పెద్దలు ఆ సాయంత్రమే వెళ్లి, తల్లిదండ్రుల ముందే "సప్లిమెంటరీ ఉందిగా, అన్నం తిన్నావా?" అని అడగాలి. పిల్లవాడు హాస్టల్లో ఉంటే తండ్రి ఆ రాత్రే బస్సెక్కాలి.

డాక్టర్, మాత్ర, పోలీసు భయం

మన సంఘాలకి మందంటే పడకపోవడం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాదు. 1883లో గుంటూరుకి వచ్చిన మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ సువార్తనీ స్టెతస్కోపునీ వేరుచేయలేదు. వేలూరు సి.ఎం.సి. (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ప్రార్థనతోనే నడిచిన ఆసుపత్రి, అక్కడ పెద్ద మానసిక వైద్య విభాగం ఉంది. లూకాని పౌలు "ప్రియుడైన వైద్యుడు" అన్నాడు. షుగర్ మాత్ర వేసుకునే పాస్టర్ గారు డిప్రెషన్ మాత్ర మానేయమని చెప్పకూడదు.

జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటుంది, ఓపీ చీటీతో చూస్తారు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ ఆసుపత్రులు పూర్తిగా దీనికోసమే ఉన్నాయి. డిప్రెషన్ మాత్రలు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. వారానికే "ఏం తేడా లేదు" అని ఆపేయొద్దు. బాగయ్యాక కూడా డాక్టర్ చెప్పకుండా ఒక్కసారిగా మానొద్దు. మొదటి వారాల్లో, ముఖ్యంగా కుర్రవాళ్లని, ఇంకా ఎక్కువగా కనిపెట్టుకుని ఉండాలి.

కేసవుతుందని భయపడి హాస్పిటల్‌కి తీసుకురాకుండా ఇంట్లో పసర్లు తాగించి ఆలస్యం చేసినవాళ్లని చూశాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత ఐపీసీ 309 సెక్షన్ తీసేశారు. హాస్పిటల్లో ఎం.ఎల్.సి. (మెడికో లీగల్ కేసు) రాస్తారు, పోలీసు వచ్చి స్టేట్‌మెంట్ తీసుకోవచ్చు. దానికి భయపడి ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.

ఇంటికొచ్చాక

హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చిన మొదటి కొన్ని వారాలే అన్నిటికన్నా ప్రమాదం. మొదటి వారం ఇంటినిండా జనం, అరటిపళ్లు, బ్రెడ్డు ప్యాకెట్లు. మూడో వారానికి ఎవరూ రారు. అందుకే మా స్త్రీల సమాజంలో రోజులు పంచుకుంటాం. సోమవారం ఒకరు, బుధవారం ఒకరు, శనివారం ఒకరు, మూడు నెలల పాటు. వెళ్లినవాళ్లు జరిగినదాని గురించి తవ్వరు. కూర క్యారియర్ ఇచ్చి, చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంటారు. మనిషి మాట్లాడితే వింటారు. ఒక చిన్న కీర్తన చదివి, రెండు మాటలు ప్రార్థించి వస్తారు. నెలకోసారి అయినా, "ఆ ఆలోచన మళ్లీ వస్తోందా?" అని సూటిగా అడిగే బాధ్యత ఒకరికి అప్పగిస్తాం. అందరూ అడిగితే విసుగు, ఎవరూ అడగకపోతే ప్రమాదం.

అప్పు వల్ల వచ్చిన బాధ అయితే, సంఘంలో లెక్కలు తెలిసిన పెద్దాయన ఒకరు కాగితం పెన్ను పట్టుకుని వాళ్లింట్లో కూర్చోవాలి. ఎవరికెంత, వడ్డీ ఎంత, బ్యాంకుదేది, చేబదులేది అని రాయించాలి. వడ్డీ వాళ్లు ఇంటికొచ్చే రోజు ఇద్దరు మగవాళ్లు వెళ్లి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చోవాలి. తాగి కొట్టే భర్త వల్ల అయితే, ఆమెని ఓర్చుకోమని చెప్పి తిరిగి ఆ ఇంటికే పంపడం ప్రార్థన కాదు. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, ఆమెకి కొన్నాళ్లు ఉండటానికి చోటు చూడండి.

వెళ్లిన ప్రతిసారీ మాత్రల షీటు చూడండి, ఎన్ని ఖాళీ అయ్యాయో తెలుస్తుంది. రివ్యూ తేదీ చీటీ మీద రాసి ఉంటుంది. ఆ రోజు వాళ్లతో పాటు బస్సెక్కి వెళ్లేది ఎవరో, చార్జీలు ఎవరు పెట్టుకుంటారో, అక్కడే కూర్చుని తేల్చుకుని రండి.